తడిగుడ్డ

పొద్దున్నే లేచి నేను చేసే మొదటి పని
సూర్యుణ్ణి తుడవడం.

డాబా మీద నాలుగు సోలార్ పలకలు,
సొసైటీలో అప్పు తీసుకుని పెట్టించినవి.
రాత్రంతా జ్ఞానాపురం మీద కురిసేదే
వాటి మీదా కురుస్తుంది.
బకెట్టు నీళ్లు, పాత లుంగీ ముక్క.
మొదటి తుడుపుకే గుడ్డ నల్లబడుతుంది,
రెండో తుడుపుకి నీళ్లు.
మూడోసారికి పలకలో నా ముఖం కనిపిస్తుంది.
అప్పుడు కదులుతుంది మీటరు.
ఒక్కరోజు బద్ధకిస్తే చాలు,
బొగ్గుకి ఎండంటే ఎంత పగో
మీటరే చెబుతుంది.

ఆ మసిది ఏ ఊరో నాకు తెలుసు.
పోర్టులో టాలీ గుమాస్తాని.
ఇరవై రెండేళ్లుగా
ఓడ పేరు, టన్నులు, ఎక్కించిన రేవు
రాస్తున్నది ఈ చెయ్యే.
కొన్నాళ్లు ఆస్ట్రేలియా,
కొన్నాళ్లు నార్‌ఫోక్, వర్జీనియా.
కొండల కడుపు కోసి తీసిన బొగ్గట,
ఉక్కు కొలిమికి అదే కావాలట.
ఆ కొండల పేర్లు తెలీవు.
యారాడ కొండలాంటివే అయ్యుంటాయనుకుని
రిజిస్టరు మూసేస్తాను.

కాన్వెంటు జంక్షన్, గంటయ్య టీకొట్టు.
ఎన్నికల లెక్కింపు నాడు టీవీలో అమెరికా పటం,
ఓ ముక్క ఎరుపు, ఓ ముక్క నీలం.
మాకు ఓటు లేదు గానీ మాటకి లోటు లేదు.
"ఎరుపే రావాలి" అన్నాడు రిటైరైన ఫోర్‌మన్ సత్యారావు,
"బొగ్గు ఆగదు, మన క్రేను ఆగదు."
రొయ్యల షెడ్డు సూపర్‌వైజరు బంగార్రాజుకి
రంగుతో పనిలేదు.
"సుంకం పెంచనోడు ఎవడైనా నా దేవుడే.
మూడొందల మంది ఆడోళ్లు తొక్క వలిస్తేనే
నా పొయ్యి వెలిగేది."

నేను నీలం.
ఒప్పందంలోకి ఓసారి, బయటికి ఓసారి,
మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి,
"భూమేమన్నా అద్దె కొంపా?" అని గొంతు పెంచాను.
ఆర్కే బీచ్‌లో అలలు రోడ్డుని కొరకడం గురించీ
హుద్‌హుద్ నాడు మా రేకులు
ఎక్కడ తేలాయో ఇప్పటికీ తెలీకపోవడం గురించీ
చాలా చెప్పాను.
సత్యారావు గ్లాసు కింద పెట్టాడు.
"పచ్చదనం మీద ఉపన్యాసమిచ్చి
అదే రేవు నుంచి ఓడ పంపినోళ్లు నీవోళ్లు.
తడిగుడ్డతో గొంతు కోసే రకం.
ఏ ఏడు ఆగిందో నీ రిజిస్టరు చూసి చెప్పు."

చూడక్కర్లేదు. రాసింది నేనే.
కుర్చీలో మనిషి మారినప్పుడల్లా
రేవు పేరు మారలేదు.

పక్కన ఇస్త్రీ బండి నుంచి నూకాలు అందుకుంది:
"ఏటి బావూ, ఆళ్లల్లో ఎవులు గెలిస్తే
నానారేసిన తెల్లసొక్కా తెల్లగుంటాది?"
గంటయ్య టీవీ సౌండు తగ్గించాడు.
ఎవరూ పలకలేదు.
ఇస్త్రీ పెట్టెలో నిప్పు ఊదుకుంటూ తనే నవ్వేసింది.
"నాదీ బొగ్గేలెండి.
గానీ నా పొగ నానే పీలస్తన్నాను."

ఆ మాట టీతో పాటు దిగలేదు.
ఇంకా గొంతులోనే ఉంది.

ఇవాళా తుడిచాను. నాలుగు పలకలూ తళతళ.
బకెట్టు వంచబోయాను,
రోజూ వంచే తూము దగ్గరే.
కింద వాటా ఎలిజబెత్తమ్మ
చీపురు పట్టుకుని తల పైకెత్తి ఉంది.
"మీ ఎండ శుభ్రంగానే ఉంది మేస్టారూ.
ఆ నీళ్లు మా గుమ్మంలో పడతాయని
ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు.

ఔటర్ హార్బర్‌లో ఓడ కూత వేసింది,
మధ్యాహ్నం డ్యూటీ నాది.
నల్లనీళ్ల బకెట్టు పట్టుకుని
మెట్ల మధ్యలో నిలబడ్డాను,
ఎక్కడ పొయ్యాలో తెలీక.
చెయ్యి లాగుతోంది.